మండువా లోగిలికి సిమెంటు పూత వద్దు

సంపాదకులకు,

రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పుట్టిన ఇల్లు, విజయనగరంలో గురజాడ ఇల్లు స్మారకాలుగా నిలిచాయి. గోదావరి జిల్లాల ఊళ్లలో మిగిలిన మండువా లోగిళ్లకు, అంటే నడుమ పైకప్పు లేని మండువా, దాని చుట్టూ గదులు ఉన్న పెంకుటిళ్లకు, అలాంటి అండ లేదు. నాలుగు తరాలు పుట్టి పెరిగిన ఇంటిని అన్నదమ్ముల పిల్లలు తలా కొంత వేసుకుని బాగుచేయిస్తుంటే సంతోషమే. చిక్కల్లా, పని మొదలవగానే గుమ్మం ముందు సిమెంటు బస్తాలు దిగడంతోనే.

ఆ గోడలు మట్టితోనో గానుగ సున్నంతోనో కట్టినవి. పునాదికీ గోడకీ మధ్య తేమను ఆపే పొర ఉండదు. నేలలోని చెమ్మ ఇటుకల్లోంచి పైకి పాకి, సున్నపు పూతలోంచి ఆరిపోతూ ఉంటుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి, మోకాలి ఎత్తున ఆగే చెమ్మ నడుము దాకా ఎక్కుతుంది. నీటితో వచ్చిన ఉప్పు పూత వెనక పేరుకుంటుంది. కొన్ని వానాకాలాలు గడిచేసరికి పూత అప్పడంలా పొంగి ఊడుతుంది. ఇసుక మంచిది కాదంటారు, మళ్లీ సిమెంటే పూస్తారు. లోపలి గోడలకు ప్లాస్టిక్ రంగు వేసినా, పాత గచ్చు మీద టైల్స్ పరిచినా జరిగేది ఇదే.

ఇప్పటికే సిమెంటు పూసి ఉంటే చిన్న సుత్తితో, పదునైన ఉలితో మెల్లగా తీయించాలి. పెద్ద సుత్తి వేస్తే ఇటుక ముఖం కూడా ఊడి వస్తుంది. తీశాక గోడను ఒక వేసవి పాటు ఆరనివ్వాలి. కొత్త పూతకు రెండు వారాలైనా నీళ్లలో నానిన సున్నం ఒక పాలు, జల్లించిన ఇటుక పొడి ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు సరిపోతాయి. ఒక్కో పూత అర అంగుళం మించకూడదు. కింది పూత గట్టిపడ్డాకే పై పూత వేయాలి. ఎండ తగలకుండా తడి గోనెపట్టాలు కట్టి పది రోజులు ఉంచకపోతే నెర్రెలిస్తుంది. సున్నంలో కలిపే కరక్కాయ, బెల్లం నీళ్ల పాళ్లు మేస్త్రీ మేస్త్రీకీ మారతాయి. కోడిగుడ్డు సొన సంగతి అందరూ చెబుతారు గానీ, సున్నం సరిగ్గా నానకపోతే అది దండగ ఖర్చు.

గోడకన్నా ముందు చూడాల్సింది దూలం కొన. దూలం మధ్యలో ఇనుములా ఉన్నా, గోడలోకి దిగిన జానెడు మేర చెదలు తినేసి ఉండొచ్చు. సుత్తితో తడితే బోలుగా మోగుతుంది, స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగిపోతుంది. అంతమాత్రాన దూలమంతా మార్చనక్కర్లేదు. కింద పోటు పెట్టి, పాడైన కొన కోసేసి, కొత్త టేకు ముక్కను ఏటవాలుగా అతికి బోల్టులు బిగిస్తే చాలు. తిరిగి గోడలో పెట్టేటప్పుడు చుట్టూ వేలెడు ఖాళీ వదలాలి. అక్కడ సిమెంటు కూరితే గాలాడక ఆ కొన మళ్లీ పుచ్చిపోతుంది.

పైకప్పు కారేది ఎక్కువగా మండువా నాలుగు మూలల్లోనే. రెండు వాలుల నీళ్లు కలిసేది అక్కడే, ఆకులు చేరేదీ అక్కడే. మృగశిర కార్తె రాకముందే ఆ మూలలు ఊడ్పించి, పగిలిన పెంకులు మార్పించాలి. వాటాలు పంచుకున్నాక ఒకరు తన వైపు శ్లాబు వేస్తే, కొత్త గోడా పాత పెంకూ కలిసే చోట కారడం మొదలవుతుంది. తడిసేది మాత్రం పక్క వాటా.

ఇక ఇంటివాళ్ల చేతిలో లేనిది ఒకటుంది. మండువాలో పడ్డ నీళ్లు తూము గుండా వీధి కాలువలోకి పోవాలి. పాత సిమెంటు రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది వేయడంతో వీధి అరుగుల దాకా లేచింది, తూము రోడ్డు కిందికి పోయింది. వానొస్తే వీధి నీళ్లే ఎదురు తన్ని మండువాలోకి వస్తున్నాయి. పంచాయతీలు, మున్సిపాలిటీలు కొత్త రోడ్డు వేసేముందు పాతది తవ్వి తీయించాలి. కాలువ అడుగు ఇళ్ల తూములకన్నా కిందే ఉండేలా మట్టం చూసుకోవాలి. ఈ రెండూ అంచనాల్లోనే రాయించాలని అధికారులను కోరుతున్నాం.

– కొందరు పాఠకులు, అమలాపురం