ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పనికి ఇకపై వారం పడుతుంది

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు బండి ఇచ్చేవాళ్లందరికీ ఒక మాట. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పి కట్టడానికి ఇన్నాళ్లూ 4 రోజులు చెప్పేవాణ్ణి. ఇకపై వారం. రేటు మాత్రం అదే.

పోయిన నెల గుంటూరు కస్టమర్ బండి ఒకటి ఓవర్‌హాల్ చేసి పంపాం. పది రోజులకే తిరిగొచ్చింది. రివర్స్ వేస్తే రెండు మూడు సెకన్లు ఉలుకూ పలుకూ ఉండదు, ఆ తర్వాత ధన్‌మని పట్టుకుంటుంది. వాల్వ్‌బాడీ, అంటే ఆయిల్ ఎటు వెళ్లాలో మళ్లించే వాల్వ్‌లుండే దిమ్మ, విప్పితే ఒక వాల్వ్ సగంలో ఇరుక్కుని ఉంది. లాగి వెలుతురులో చూస్తే దాని మీద తెల్లటి నూలుపోగు. మేం చేతులు తుడుచుకునే బనియన్ వేస్ట్‌దే! ఈ గేర్‌బాక్స్‌లో క్లచ్‌లను పట్టించేది ఆయిల్ ప్రెషరే, అది తగ్గితే స్ప్రింగులు వదిలిస్తాయి. ఆ దారిలో వాల్వ్ కదలకపోతే అంతే సంగతులు. తప్పు మాదే. రెండోసారి కూలీ, ఆయిల్ మేమే పెట్టుకున్నాం.

అందుకని వెనక స్టోర్ రూము ఖాళీ చేసి ఈ పనికే కేటాయించాను. వేస్ట్ గుడ్డ ఆ గడప దాటదు. కడిగిన పార్టును గాలి కొట్టి ఆరబెట్టడమే. క్లచ్‌లో వేసే కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లు రాత్రంతా ఆయిల్లో నానాలి. పొడిగా బిగిస్తే మొదట్లోనే మాడిపోతాయి. బిగించాక ఫీలర్ గేజ్ పెట్టి ప్లేట్ల సందు చూస్తాం. కొలత కుదరకపోతే వేరే మందం సర్‌క్లిప్ (గాడిలో కూర్చుని పార్టులు ఊడిరాకుండా పట్టే స్టీలు రింగు) తెప్పించాలి. ఆలస్యమంతా ఎక్కువగా అక్కడే.

ఇంకోటి చెప్పడానికి సిగ్గుగానే ఉంది. క్లచ్ డ్రమ్ములో స్ప్రింగులను చేత్తో అదిమిపట్టి, స్క్రూడ్రైవర్‌తో సర్‌క్లిప్ తీసేవాళ్లం. ఒకరోజు అది ఎగిరి మా కుర్రాడి కంటికి అంగుళం పైన తగిలింది. మూడు కుట్లు పడ్డాయి. స్ప్రింగ్ కంప్రెసర్ కొనకుండా రెండేళ్లు నెట్టుకొచ్చింది నా పిసినారితనమే. ఇప్పుడు కొన్నాను. కళ్లద్దాలు లేకుండా ఎవరూ డ్రమ్ము ముట్టుకోవడం లేదు, నాతో సహా.

ఇంజన్ తిరుగుడును ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్, గేర్‌బాక్స్ ఆయిల్ పంపులో పూర్తిగా కూర్చుందో లేదో ఇద్దరం విడివిడిగా స్కేలు పెట్టి చూశాకే గేర్‌బాక్స్‌ను ఇంజన్‌కు కలుపుతున్నాం. కూర్చోకుండా బోల్టులు లాగేస్తే పంపు పగిలిపోతుంది.

ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) బండ్లవాళ్లకు ఈ టెన్షన్ లేదు. అది మామూలు గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మన బదులు యంత్రం చేస్తుంది.

ఉగాది తర్వాత మా దగ్గర ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పించుకున్నవాళ్లు ఒకసారి బండి తీసుకురండి, డబ్బు తీసుకోకుండా చూసిపెడతాం. రివర్స్ లేటుగా పడుతున్నా, జర్క్ కొడుతున్నా అలాగే నడపకండి, ఫోన్ చేస్తే మేమే వస్తాం. బాగా నడుస్తున్న బండినైతే ముందు రోజు సాయంత్రమే వదిలి వెళ్లండి. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే వేసే మొదటి రివర్స్‌లోనే ఈ జబ్బు బాగా తెలుస్తుంది.