మా చెరువుకు రావాల్సిన నీళ్లను చెరువు దాటించి వదులుతున్నారు: ఓపెన్‌కాస్టు గనిపై ఫిర్యాదు

ప్రాజెక్టు ఆఫీసర్ గారికి,
ఓపెన్‌కాస్టు బొగ్గు గని కార్యాలయం

విషయం: చెరువు కాలువకు నీళ్లు అందకపోవడం, చెరువులో పూడిక, బావులు ఎండిపోవడం గురించి.

అయ్యా,

మా గత దరఖాస్తుకు మీ ఆఫీసు పంపిన జవాబు అందింది. గని నీళ్లను శుద్ధి చేసి వాగులోకి వదులుతున్నామని, కాబట్టి చెరువుకు నష్టం లేదని, బావులు ఎండడానికి వర్షాభావమే కారణమని అందులో రాశారు. వాగులోకి నీళ్లు వదులుతున్న మాట నిజమే. మిగతాది ఒప్పుకోలేకే మళ్లీ రాస్తున్నాం.

నీళ్లు ఎక్కడ వదులుతున్నారో ఒకసారి వచ్చి చూడండి. మా చెరువు కాలువ వాగు మీది చిన్న ఆనకట్ట దగ్గర మొదలవుతుంది. మీ పైపు ఆనకట్టకు దిగువన పడుతోంది. అక్కడ పడ్డ నీళ్లు వెనక్కి ఎక్కి మా కాలువలోకి రావు కదా! పైన వాగులో కలిసే ఒర్రెల్లో కొన్ని బొగ్గు కోసం తవ్వి పోసిన మీ మట్టి గుట్టల కింద పోయాయి, కొన్ని గని గుంతలోకే దిగుతున్నాయి. ఆ నీళ్లనే మోటార్లతో తోడి ఆనకట్ట దిగువన పోస్తున్నారు. అంటే మా చెరువుకు రావాల్సిన నీళ్లను చెరువును దాటించి కిందికి పంపుతున్నారు. అదీ వానాకాలంలోనే. ఎండాకాలం వస్తే గని నీళ్లన్నీ డంపర్ల రోడ్ల మీద దుమ్ము అణచడానికే సరిపోతున్నాయి.

ఇక పూడిక సంగతి. వదిలే నీటిలో తేలే మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదని బొగ్గు గనులకు 2000లోనే ప్రమాణం పెట్టారు. మీ నివేదికల్లో ఎప్పుడూ అంతకంటే తక్కువే కనిపిస్తుంది. మేము ఆ లెక్క తప్పు అనడం లేదు. మీరు కొలిచేది సెట్లింగ్ పాండ్ (నీళ్లు నిలిపి మట్టి అడుక్కి దిగనిచ్చే గుంట) నుంచి బయటికి వచ్చే నీళ్లను. మా చెరువులోకి వచ్చే మట్టి ఆ పాండ్ ముఖమే చూడదు. గట్టి వాన పడగానే మట్టి గుట్టల వాలు నుంచి నేరుగా కాలువలోకి దిగుతుంది. గుట్ట చుట్టూ తవ్వాల్సిన గార్లాండ్ డ్రెయిన్ మా వైపు పూర్తిగా పూడిపోయింది, అడుగున ఉండాల్సిన రాతి గోడ చాలా చోట్ల లేనే లేదు. అది పొలానికి పనికొచ్చే ఒండ్రు కూడా కాదు, రాళ్లు కలిసిన సౌడు మట్టి. మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువు ఇది. ఇప్పుడు తూము దగ్గరే మేట వేసింది. మత్స్యకారుల సంఘం వాళ్లు చేప పిల్లలు వదలాలంటేనే జంకుతున్నారు.

వర్షాభావం అన్నారు. అదే వానకు గనికి అవతలి పక్క ఊరి చెరువు మత్తడి దూకింది. మా దగ్గర ముందు చేద బావులు, తర్వాత బోర్లు ఎండాయి, అదీ గనికి దగ్గరున్నవి మొదలుకొని. ఈ నేలలో ఊట ఇసుకరాతి పొరల్లో ఉంటుంది. మా బావుల కన్నా ఎన్నో రెట్లు లోతైన గుంత తవ్వి రాత్రింబవళ్లు తోడుతుంటే ఆ పొరల్లో నీళ్లు ఎటు పోతాయో మీ ఇంజినీర్లకు మేము చెప్పాలా? కేంద్ర భూగర్భ జల అథారిటీ 2020 మార్గదర్శకాల ప్రకారం గని చుట్టూ పీజోమీటర్లు (భూగర్భ నీటి మట్టం కొలిచే బోర్లు), తోడే నీటికి మీటర్లు ఉండాలి. వాటి లెక్కలు మా ముందు పెడితే వర్షాభావమో, గనో తేలిపోతుంది.

ట్యాంకర్ పంపుతున్నారు, కాదనం. మిషన్ భగీరథ నల్లా ఉంది కదా అని కూడా మీ వాళ్లు అంటున్నారు. నల్లా నీళ్లతో వరి పండదు, బర్రెలు బతకవు. పైగా అది ప్రభుత్వం ఇచ్చింది. గని చేసిన నష్టానికి దాన్ని జమ వేసుకోవడం ఏం న్యాయం?

మేము అడిగేవి పెద్ద పనులు కావు. విడుదల పైపును ఆనకట్ట ఎగువకు మార్చండి, దానికి కొంత పైపు, ఒక మోటారు చాలు. కాకపోతే ఆ నీళ్లు ముందు బాగుండాలి. పేలుడు మందులో నైట్రేట్ ఉంటుంది కాబట్టి దానితో సహా పరీక్ష చేయించాలి. శాంపిల్ ఎండాకాలంలో కాకుండా వాన కురుస్తున్న రోజు, మా రైతుల సమక్షంలో తీయాలి. గార్లాండ్ డ్రెయిన్, సెట్లింగ్ పాండ్ పూడిక తొలకరికి ముందే తీయించండి. చెరువులో మేట వేసిన మట్టిని మీ ఖర్చుతోనే ఎత్తాలి. పర్యావరణ అనుమతి షరతుల అమలుపై ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న మీరు ఇవ్వాల్సిన నివేదికల ప్రతులు తెలుగులో పంచాయతీ ఆఫీసులో పెట్టండి.

మరొక్క మాట. గని మూసేనాడు మిగిలే గుంతలో నీళ్లు నిలిపి చెరువు ఇస్తామని మీ వాళ్లు అంటున్నారు. ఆ నీటి మట్టం మా పొలాలకు ఎంతో కిందుంటుంది. ప్రతి చుక్కా మోటారుతో తోడాలి. ఆ కరెంటు బిల్లు ఎవరు కడతారు? మా చెరువు తూము ఎత్తితే చాలు, నీళ్లు వాటంతట అవే మడిలోకి పారేవి. గని మూసివేత ప్రణాళికలో ఆ గుంతకు ఏం రాశారో, ఒర్రెలను తిరిగి పాత దారిలోకి కలిపే పని ఉందో లేదో, దానికి ఎస్క్రో ఖాతాలో (మూసివేత ఖర్చు కోసం విడిగా ఉంచే బ్యాంకు ఖాతాలో) ఎంత జమ చేశారో రాతపూర్వకంగా తెలపండి.

పదిహేను రోజుల్లో మీ ఇంజినీర్లను మాతో పాటు ఆనకట్ట దగ్గరికి, చెరువు కట్ట మీదికి పంపాలని కోరుతున్నాం. ఈ లేఖ ప్రతులను జిల్లా కలెక్టర్ గారికి, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి కూడా ఇస్తున్నాం.

ఇట్లు,
చెరువు ఆయకట్టు రైతులు