ఆంకాలజీ ఫార్మసీ రెసిడెన్సీ పేరుతో మీరు వసూలు చేసిన ఫీజు గురించి

గుంటూరు నుంచి

శిక్షణ విభాగం అధిపతి గారికి,

విషయం: ఏడాది ‘ఆంకాలజీ (క్యాన్సర్ చికిత్స) ఫార్మసీ రెసిడెన్సీ’లో చెప్పిన శిక్షణ ఇవ్వకపోవడం, ఫీజు వాపసు, తప్పుడు ప్రకటన తొలగింపు

నమస్కారం.

నేను ఆరేళ్ల ఫార్మసీ డిగ్రీ ఫార్మ్-డి చదివాను. మీ హైదరాబాద్ కేంద్రంలో గత బ్యాచ్‌లో చేరి ఏడాదీ పూర్తి చేశాను. సర్టిఫికెట్ కూడా చేతికి వచ్చింది. నా గొడవంతా ఆ సర్టిఫికెట్‌తోనే. అందులో నేర్చుకున్నానని రాసిన పనుల్లో చాలావాటిని నాకు ఎవరూ నేర్పలేదు. మీ కస్టమర్ కేర్‌కి ఎన్నిసార్లు రాసినా ‘మీ హాజరు సంతృప్తికరంగా ఉంది, కోర్సు విజయవంతంగా పూర్తయింది, ఫీజు వాపసు నిబంధనల్లో లేదు’ అన్న ఒకే జవాబు అతికించి పంపుతున్నారు. ఆ హాజరు పడింది మందుల కౌంటర్ పక్కనున్న వేలిముద్ర యంత్రంలో. అందుకే ఈసారి మీకే నేరుగా రాస్తున్నాను.

మీ బ్రోచర్‌లో ఉన్నది ముందు గుర్తుచేస్తాను. అమెరికా పీజీవై-2, అంటే డిగ్రీ తర్వాత రెండో ఏడాది రెసిడెన్సీ, స్థాయి శిక్షణ అన్నారు. రక్త క్యాన్సర్లు, గడ్డల క్యాన్సర్లు, డే కేర్ కీమో, ఎముక మజ్జ మార్పిడి, ఒక్కోదానికి విడివిడిగా రొటేషన్ (ఆ విభాగంలో కొంతకాలం పని) అన్నారు. ప్రతి రెసిడెంట్‌కీ ఆంకాలజీలో అనుభవమున్న ప్రిసెప్టర్, అంటే పక్కనుండి నేర్పే సీనియర్, ఉంటారన్నారు. మీ అడ్మిషన్ కౌన్సెలర్ ఇంకో అడుగు ముందుకేసి, ఈ సర్టిఫికెట్ ఉంటే అమెరికాలో రెసిడెన్సీకి దారి సగం తెరుచుకున్నట్టే అని మా నాన్నగారితో ఫోన్లో చెప్పారు. ఆ మాట మీదే ఆయన అప్పు తెచ్చి ఫీజు కట్టారు.

అమెరికాలో పీజీవై-2 ఆంకాలజీలో చేరాలంటే ముందు అక్కడి ఫార్మసిస్టుల సంఘం ఏఎస్‌హెచ్‌పీ ప్రమాణాల కింద నడిచే పీజీవై-1 (మొదటి ఏడాది రెసిడెన్సీ) పూర్తి చేసి ఉండాలి. మన దగ్గర చదివినవాళ్లు అక్కడ ఫార్మసిస్టు కావాలంటే ముందు అక్కడి ఫార్మసీ బోర్డుల సంఘం ఎన్‌ఏబీపీ దగ్గర విదేశాల్లో చదివినవాళ్లకు పెట్టే ఎఫ్‌పీజీఈఈ పరీక్ష, ఇంగ్లీషుకు టోఫెల్, ఆ తర్వాత రాష్ట్రం లైసెన్సు. ఈ దారిలో మీ సర్టిఫికెట్ అడిగేవాళ్లు ఎక్కడా లేరు. తెలుగు రాష్ట్రాల్లో ఏటా బయటికొచ్చే ఫార్మ్-డి పిల్లల్లో ఎంతమంది ఈ దారి కోసం చూస్తారో మీకు బాగా తెలుసు. ఆ ఆశ మీదే మీ ప్రకటన నిలబడి ఉంది.

అమెరికా మాట అటుంచుతాను. నేను అక్కడికి వెళ్లాలని చేరలేదు, ఇక్కడే కీమో వార్డులో పనిచేయాలని చేరాను. ఫార్మ్-డి ఆరో ఏడాది ఇంటర్న్‌షిప్‌లో ఆరు నెలలు జనరల్ మెడిసిన్, మరో మూడు విభాగాల్లో రెండేసి నెలలు గడుస్తాయి. ఆ రెండు నెలల్లో ఆంకాలజీ వచ్చినా, ప్రోటోకాల్ (ఏ క్యాన్సర్‌కు ఏ మందులు, ఎప్పుడు అనే క్రమం) పేర్లు తెలిసేసరికి పోస్టింగ్ అయిపోతుంది. దాని మీద ఒక ఏడాది, ఒకే విభాగంలో, ఒక సీనియర్ కళ్లెదుట, రోగి డోసుకు నేను జవాబు చెప్పేలా పనిచేయాలి. రెసిడెన్సీ అంటే ఇంతే, దీనికి మించి నేనేమీ అడగలేదు.

ఉదాహరణకు కార్బోప్లాటిన్ అనే కీమో మందు చూడండి. దాని డోసు లెక్కించే కాల్వర్ట్ సూత్రం 1989 నుంచి ఉంది. ఏయూసీని (ఒంట్లో మందు ఎంత మేర ఉండాలన్న లక్ష్యం), జీఎఫ్‌ఆర్‌కు (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 25 కలిపి వచ్చిన అంకెతో గుణిస్తే మిల్లీగ్రాములు వస్తాయి. ఏయూసీ 5, జీఎఫ్‌ఆర్ 60 అయితే 425. ఇది పుస్తకంలో ఉంది, పరీక్షలో రాశాం, మార్కులూ వచ్చాయి. కానీ బక్కచిక్కిన ముసలమ్మకు, కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ 0.4 అని రిపోర్టు వస్తే, ఆ అంకె కిడ్నీల బలాన్ని కాదు, ఒంట్లో కండ లేకపోవడాన్ని చెబుతోందని ఎవరు చెబుతారు? దాన్ని బట్టే జీఎఫ్‌ఆర్ లెక్కించి అలాగే సూత్రంలో వేస్తే డోసు ఎక్కువై ఎక్కడికో పోతుంది. జీఎఫ్‌ఆర్‌ను 125 దగ్గర ఆపమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లో చెప్పింది అందుకే. అలా ఆపినా, ఏయూసీ 5కి 750 మిల్లీగ్రాములు రావచ్చు. ఆ మనిషి తట్టుకుంటుందా, డాక్టరు గారికి ఫోన్ చేయాలా, చేస్తే ఏమని చెప్పాలి? పక్కన నిలబడి ‘ఇప్పుడు చెయ్, ఇలా అడుగు’ అనే మనిషి లేకుండా ఇది రాదు. నాకు చెప్పిన ప్రిసెప్టర్ పేరు మమ్మల్ని పెట్టిన ఆసుపత్రి డ్యూటీ రోస్టర్‌లో ఉంది. మనిషిని మొదటి వారంలో పరిచయం చేశారు, తర్వాత ఆయన మీ మరో శాఖలో ఉన్నారని తెలిసింది.

మమ్మల్ని ఎక్కడ పెట్టారో మీ రికార్డుల్లో ఉంటుంది. డిశ్చార్జ్ కౌంటర్, స్టోర్స్ ఇండెంట్ (మందులు కావాలని పంపే చీటీ), బీమా ఫైళ్లకు మందుల బిల్లులు జతచేయడం. మార్పిడి యూనిట్ రొటేషన్ అంటే ఆ అంతస్తు ఫ్రిజ్ ఉష్ణోగ్రత పట్టిక నింపడం. వార్డు రౌండ్లలోకి రమ్మన్న డాక్టర్లు లేకపోలేదు. కానీ కౌంటర్‌లో మనిషి తక్కువైందంటూ మీ కోఆర్డినేటర్ మమ్మల్ని మధ్యలోనే వెనక్కి పిలిచేవారు. అమెరికాలో రెసిడెంట్‌కి స్టైపెండ్ ఇస్తారు. ఇక్కడ మేం ఎదురు డబ్బు కట్టి, ఆసుపత్రి జీతం ఇవ్వాల్సిన ఉద్యోగి పని చేశాం.

ఆ కౌంటర్‌లోనే ఒక రోజు డే కేర్ నుంచి ఇండెంట్ వచ్చింది. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందుతో పాటు సెలైన్ బాటిల్ అడిగారు. ఆక్సాలిప్లాటిన్‌ని సెలైన్‌లో కలపకూడదు, క్లోరైడ్ తగిలితే మందు చెడుతుంది, ఐదు శాతం డెక్స్‌ట్రోస్‌లోనే కలపాలి. బిల్లు ఆపాను. ఎవరిని అడగాలో తెలియదు. ప్రిసెప్టర్ లేరు. సూపర్‌వైజర్ ‘లైన్ ఉందమ్మా, బిల్లు కొట్టెయ్, వాళ్లే చూసుకుంటారు’ అన్నారు. చివరికి నేనే డే కేర్‌కి వెళ్లి సిస్టర్‌కి చెప్తే, ఆమె వెంటనే మార్పించారు. ఆ సిస్టర్ నన్ను తప్పు పట్టలేదు, ‘మంచి పని చేశావు తల్లీ’ అన్నారు. ఆ ఏడాదిలో ఛాతీ చర్మం కింద అమర్చే పోర్ట్‌లోంచి మందు ఎలా ఎక్కిస్తారో, మందు నరం బయటికి కారితే మొదట ఏం చేస్తారో నాకు చూపించింది కూడా ఆవిడే. ఆవిడకు మీరు ఒక్క రూపాయీ ఇవ్వరని నాకు తెలుసు.

మీ ఓరియంటేషన్‌లో బెట్సీ లేమన్ గురించి చెప్పారు. బోస్టన్ పత్రికలో ఆరోగ్య కాలమ్ రాసే ఆమె, 1994లో అక్కడి డేనా-ఫార్బర్ క్యాన్సర్ ఆసుపత్రిలో చికిత్స పొందుతుండగా, నాలుగు రోజుల మొత్తానికి రాసిన సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు డోసును రోజుకొకసారి చొప్పున నాలుగు రోజులూ ఇచ్చేశారు. ఆమె చనిపోయారు. తప్పు బయటపడింది కొన్ని నెలల తర్వాత, రికార్డులు తిరగేస్తున్నప్పుడు. ఈ కథ చెప్పి, ‘అక్కడ ఆపగలిగే ఫార్మసిస్టును తయారుచేస్తాం’ అని మీ వక్త అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ మధ్యాహ్నమే రెండో వాయిదా ఫీజు రశీదులు ఇచ్చారు.

ఇక ఆరోగ్యం సంగతి. దీన్ని వేరే ఫిర్యాదుగా తీసుకోండి. మందులు కలిపే టెక్నీషియన్ సెలవు పెట్టినప్పుడల్లా మమ్మల్ని ఆ గదిలోకి పంపేవారు. అక్కడున్నది గాలి మనిషి ముఖం వైపు వీచే లామినార్ హుడ్. అది మందును కాపాడుతుంది, కలిపేవాళ్లను కాదు. కీమో మందులకు క్లాస్-2 బయోసేఫ్టీ క్యాబినెట్ కావాలని మీ పుస్తకంలోనే ఉంది. మాకిచ్చింది ఒక జత మామూలు లేటెక్స్ గ్లోవ్స్, సర్జికల్ మాస్కు. మందు ఒలికితే శుభ్రం చేసే స్పిల్ కిట్ ఎక్కడుందని అడిగితే తెలిసినవాళ్లు లేరు. ఇలాంటి మందుల వల్ల ఆరోగ్య సిబ్బందికి ముప్పని అమెరికాలో ఉద్యోగుల భద్రతను చూసే నియోష్ సంస్థ 2004లోనే హెచ్చరిక ఇచ్చింది, ప్రమాదకరమైన మందుల జాబితాతో సహా. మా బ్యాచ్‌లో ఒకామె అప్పటికి గర్భవతి. తనను ఆ గదికి పంపవద్దని రాసి ఇచ్చింది. ‘మీలో మీరే మార్చుకోండి’ అన్నారు. మేం మార్చుకున్నాం. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆమె పేరు అడగకండి, ఆమె దరఖాస్తు మీ ఫైల్లోనే ఉంది.

పాఠాలు లేవని అనను. రికార్డు చేసిన వీడియోలు ఉన్నాయి, కొన్ని నిజంగా బాగున్నాయి. నరానికి ఇవ్వాల్సిన విన్‌క్రిస్టీన్ అనే కీమో మందు వెన్నులోకి పోతే ప్రాణం పోతుందని, అందుకే సిరంజిలో కాకుండా చిన్న సంచిలో ఇవ్వమని డబ్ల్యూహెచ్‌ఓ 2007లో చెప్పిందని ఆ వీడియోల్లోనే విన్నాను. విన్నాక కిందికి దిగి చూస్తే, మీరు మమ్మల్ని పెట్టిన ఆసుపత్రిలో అది సిరంజిలోనే వెళ్తోంది. దాన్ని మార్చమని అడిగే హోదా, అడగడం నేర్పే మనిషి, రెండూ మాకు లేవు. ఇంట్లో కూర్చుని చూడగలిగే వీడియోకి ఏడాది ఫీజు ఎందుకు కట్టాలి?

కాబట్టి నేను కోరేది ఇది. కట్టిన ఫీజులో వీడియో పాఠాల ధర మినహాయించి మిగిలింది వాపసు ఇవ్వండి. ఆ ధర మీరే మీ వెబ్‌సైట్‌లో విడిగా అమ్ముతున్నారు కాబట్టి లెక్క కష్టం కాదు. నా సర్టిఫికెట్‌లో చేయని రొటేషన్లను తీసేసి, చేసిన పనిని ఉన్నదున్నట్టు రాసి మళ్లీ ఇవ్వండి. ఇప్పుడున్న కాగితం చూసి రేపు ఏ క్యాన్సర్ ఆసుపత్రి అయినా నన్ను ఒంటరిగా మార్పిడి వార్డులో నిలబెడితే, అక్కడ పడుకున్న రోగికి ఆ కాగితం ఏం సాయం చేస్తుంది? ‘పీజీవై-2 స్థాయి’ అన్న మాటను అన్ని ప్రకటనల నుంచి తీసేయండి, కొత్త బ్యాచ్ చేరేలోపే. ప్రిసెప్టర్ల పేర్లు, వాళ్లు ఏ ఆసుపత్రిలో ఏ రోజుల్లో ఉంటారో బ్రోచర్‌లో పెట్టండి. కలిపే గదిలో సరైన క్యాబినెట్, గ్లోవ్స్, గౌన్లు వచ్చేదాకా శిక్షణకు వచ్చినవాళ్లను అందులోకి పంపడం ఆపండి. ఇది మాత్రం రేపే చేయగలరు, దీనికి మీ బోర్డు అనుమతి అక్కర్లేదు.

ఈ ఉత్తరం అందిన ముప్పై రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వండి. అది కస్టమర్ కేర్ పాత జవాబే అయితే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. ప్రకటన సంగతి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు పంపుతాను. మా బ్యాచ్‌లో మరికొందరు సంతకం చేయడానికి సిద్ధంగా ఉన్నారు, కానీ వాళ్ల అనుభవ పత్రాలు ఇంకా మీ దగ్గరే ఉన్నాయి. వాటిని ఆపకండి.

బ్రోచర్ ప్రతి, ఫీజు రశీదులు, నెలవారీ డ్యూటీ రోస్టర్లు, కస్టమర్ కేర్ జవాబులు జతచేశాను.

ఇట్లు,
మీ గత బ్యాచ్ శిక్షణార్థి,
రిజిస్టర్డ్ ఫార్మసిస్టు