మా కాపురానికి తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో అందరికీ వందనాలు. ఈ పోస్టు పెట్టాలా వద్దా అని చాలా ఆలోచించాను. మా ఆయన చదివి "పెట్టు, మనలాంటివాళ్ళు కడపలో వీధికి నలుగురు ఉంటారు" అన్నాక పెడుతున్నాను.

కువైట్ సంగతి తెలియని ఇల్లు మన వైపు తక్కువ. మా ఆయన అక్కడ ఇంటి డ్రైవరుగా ఏళ్ళ తరబడి ఉన్నారు. సెలవు మీద వస్తే చుట్టాల ఇళ్ళు, బ్యాంకు పనులు, మళ్ళీ పెట్టె సర్దుకోవడం. అప్పులు తీరాయి. పోయిన ఏడాది వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి వచ్చేశారు. "ఇంకేం, నీ కష్టాలు గట్టెక్కాయి" అన్నారు అందరూ. మేము మాత్రం ఒకే ఇంట్లో ముక్కూ ముఖం తెలియనివాళ్ళలా తిరిగాం. రాత్రి ఆయన వరండాలో ఫోను చూస్తూ పడుకునేవారు, నేను పిల్లల పక్కన. ఫోన్లో గంటలు గంటలు మాట్లాడుకున్న మనుషులం, ఎదురుగా కూర్చుంటే మాట దొరికేది కాదు.

ఇది ఎవరితో చెప్పుకుంటాం? బంధువుల్లో ఒక పెద్దావిడ "ఈ వయసులో అవన్నీ ఎందుకమ్మా, ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకోండి, చాలు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నాకే మనసు ఒప్పలేదు.

అందుకే మొదటి వందనాలు మా సంఘం అమ్మగారికి, అంటే పాస్టరు గారి భార్యకు. ఒక సాయంత్రం వాళ్ళింటి వెనక చెనక్కాయలు ఒలుస్తూ ఉండగా ధైర్యం చేసి అడిగేశాను, భార్యాభర్తల దగ్గరితనం దేవుడి దృష్టిలో తక్కువ పనా అని. ఆమె చేట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, బైబిలు తెచ్చి నాతోనే చదివించారు. ఫలించి అభివృద్ధి పొందండి అన్న దీవెన ఆదికాండము మొదటి అధ్యాయంలో ఉంది. తల్లిదండ్రులను విడిచి భార్యను హత్తుకోవడం, ఇద్దరూ ఏక శరీరమవడం రెండో అధ్యాయం 24వ వచనం. ఆ వెంటనే 25లో, ఆదాము, హవ్వ ఇద్దరూ సిగ్గు ఎరుగక ఉన్నారని. పాపం వచ్చింది మూడో అధ్యాయంలో. ఆకులు కుట్టుకోవడం, చెట్ల మధ్య దాక్కోవడం అప్పుడు మొదలయ్యాయి. ఏదెను తోటలో తిన్న పండు అంటే భార్యాభర్తల కలయికే అని మనలో చాలామంది అనుకుంటారు. చిన్నప్పటి నుంచి నేను విన్నదీ అదే. వరసగా చదివితే ఆ మాట నిలవదు. "దీవెన ముందు, సిగ్గు తర్వాత. మనం తలకిందులుగా నేర్చుకున్నాం తల్లీ" అన్నారు అమ్మగారు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది.

తర్వాత మా పాస్టరు అయ్యగారు మా ఇద్దరినీ కూర్చోబెట్టారు. బైబిల్లో అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయం తీశారు. భార్య దేహం మీద భర్తకూ, భర్త దేహం మీద భార్యకూ అధికారం ఉందని పౌలు ఇద్దరికీ సమానంగా రాశాడు. భార్య మీద భర్త అధికారమే చెల్లిన ఆ రోజుల్లో రెండో సగం రాయడం ఎంత పెద్ద మాటో అయ్యగారు వివరించారు. ఎడంగా ఉండాలంటే ప్రార్థన కోసం, కొంతకాలం వరకే, అదీ ఉభయుల సమ్మతితోనే. మా ఆయన ఆ వచనం మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయి, "కువైట్ పోయేటప్పుడు ఈమెను ఎవరూ అడగలేదు అయ్యగారూ, నేను కూడా" అన్నారు. ఇన్నేళ్ళకు ఆ మాట విని నాకు ఏడుపు ఆగలేదు.

అయ్యగారు ఇంకోటి కూడా గట్టిగా చెప్పారు. ఈ వచనం చూపించి భార్యను బలవంతపెట్టే మగవాడు ఐదో వచనంలో సమ్మతి అన్న మాట చదవనట్టే. ఇది ప్రతి సంఘంలోనూ మగవాళ్ళకు చెప్పాలని నా కోరిక.

పేతురు మొదటి పత్రిక 3:7 నన్ను ఇప్పటికీ వదలడం లేదు. భార్యను సన్మానించి జ్ఞానం చొప్పున కాపురం చేయమని, అలా చేస్తే మీ ప్రార్థనలకు అభ్యంతరం ఉండదని ఉంది అందులో. అంటే ఇంట్లో ఒకరినొకరు ఎలా చూసుకుంటున్నామో మోకాళ్ళ మీద దేవుడికి వినిపిస్తూనే ఉంటుంది. ఒళ్ళు వేరు, ఆత్మ వేరు అని పంచి పెట్టడం మనుషులు చేసిన పని. పౌలు ఎఫెసీయులకు రాస్తూ అదే ఏక శరీరం మాట ఎత్తి, ఈ మర్మము గొప్పదని, తాను క్రీస్తును గురించీ సంఘమును గురించీ చెబుతున్నానని అన్నాడు. తక్కువ పనే అయితే క్రీస్తు ప్రేమకు దాన్ని గుర్తుగా ఎందుకు పెడతాడు? మా స్త్రీల కూడికలో భర్తలు పోయిన అక్కలు ఉన్నారు, పెళ్ళికాని చెల్లెళ్ళు ఉన్నారు. ప్రభువుతో కలిసినవాడు ఆయనతో ఏకాత్మ అన్న మాట వాళ్ళకూ పూర్తిగా చెందుతుందని అమ్మగారు ప్రతిసారీ చెబుతారు. యేసు ప్రభువు పెళ్ళి చేసుకోలేదు కదా.

నా ఒంట్లో ఉన్న నొప్పికి లేడీ డాక్టరు దగ్గరకు తోడు వచ్చింది కూడా అమ్మగారే. సిగ్గుపడి దాచుకున్నది మందుతో తగ్గే సంగతని తేలింది. ఆ డాక్టరమ్మ నెమ్మదిగా, విసుక్కోకుండా చెప్పిన తీరుకు చేతులెత్తి నమస్కారం.

మా అత్తకు ఎన్ని వందనాలు చెప్పినా తక్కువే. మాది రెండు గదుల ఇల్లు, లోపలి గదికి కర్టెన్ తప్ప తలుపు లేదు. ఆమె ఎవరూ చెప్పకముందే మంచం ముందు గదిలోకి జరుపుకుని, "పిల్లోళ్ళు ఇంక నా కాడే పండుకుంటారు" అనేసింది. సంఘంలో వడ్రంగి పని చేసే మామ వచ్చి ఆ గదికి తలుపు, లోపల గడియ బిగించి, కూలి పుచ్చుకోకుండా కాఫీ మాత్రం తాగి వెళ్ళారు. ఏడురోడ్ల దగ్గర స్టాండులో ఉండే ఒక అన్న మా ఆయనకు స్కూలు వ్యాను డ్రైవింగ్ పని మాట్లాడిపెట్టారు. జీతం అక్కడి దానిలో సగం కూడా రాదు. ఆ టెన్షన్ ఉంది. అయినా వెళ్ళే ఆలోచన లేదని, వెళ్ళాల్సి వస్తే నన్ను అడిగే వెళ్తానని మా ఆయన అయ్యగారి ముందే చెప్పారు.

గల్ఫ్ నుంచి మనిషి వచ్చాక ఇలా ఇబ్బంది పడే అక్కచెల్లెళ్ళు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. పేరు బయటికి రాదు. అమ్మగారి దగ్గరికి నేనే తీసుకుపోతాను.