వెనక చక్రం దగ్గర ఆయిల్ ఎందుకు కారిందంటే

బర్మింగ్‌హామ్

బాబాయ్, నమస్కారం.

ఫోన్లో చెబుదామంటే నీ షెడ్డులో గ్రైండర్ మోత, నేనేమో ఆఫీసు నుంచి నడుస్తూ మాట్లాడతాను, సగం మాటలు గాలికే పోతున్నాయి. అందుకే ఆదివారం కూర్చుని రాస్తున్నా. పిన్ని చేత చదివించుకోకు, ఆవిడ రెండో లైనుకే పక్కన పడేస్తుంది.

మొన్న ఫొటో పంపిన నీలం బండి సంగతే. మోరిస్ మైనర్ 1000, 1967 మోడల్. చూడగానే "అంబాసిడర్‌కి చెల్లెల్లా ఉందిరా" అన్నావు కదా, నిజంగానే అంతే. మన అంబాసిడర్ అసలు ఇక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఇక్కడ అది ఎప్పుడో ఆగిపోయినా, ఉత్తరపారాలో 2014 దాకా తయారైంది. ఈ మైనర్ కూడా ఆ కంపెనీదే, 1948లో వచ్చింది, తర్వాత మినీ కారు గీసిన ఇస్సిగోనిస్సే దీన్నీ గీశాడు. అన్నీ అంగుళాల నట్లే, నువ్వు వాడే పాత పానాల పెట్టె ఇక్కడుంటే ఎంత బాగుండేదో.

ఇక్కడ నలభై ఏళ్ళు దాటిన బండికి, పెద్ద మార్పులేవీ చేయకుండా ఉంటే, ఏటా జరిగే ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి కాదు. ట్యాక్సు కూడా కట్టక్కర్లేదు. వినడానికి హాయిగానే ఉంది కానీ, దానర్థం ఆ బండి కింద తల పెట్టి చూసేవాడు ఎవడూ లేడని. మనమే చూసుకోవాలి. ఈ బండికి ఎడమ వెనక చక్రం లోపలి వైపు టైరు మీద ఆయిల్ చారలు, వాలులో హ్యాండ్‌బ్రేక్ నిలవదు, బ్రేక్ కొడితే కొంచెం పక్కకి లాగుతుంది. డ్రమ్ము విప్పితే లైనింగులు గేర్ ఆయిల్లో నానిపోయి ఉన్నాయి. ఇంతకీ పాత బిల్లులు చూస్తే అదే పక్క అదే సీలు (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు) ఇంతకుముందు రెండుసార్లు మార్చారు! సీలు మార్చినా కారుతోందంటే అసలు దొంగ ఆ సీలు కాదు, వేరే ఎవరో అన్నమాట.

దొంగ దొరికాడు. చక్రాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్టు బయటికి లాగగానే, దాని చివర పళ్ళెంలా ఉండే ఫ్లాంజి కింద ఒక పేపర్ ప్యాకింగ్ ఉండాల్సిన చోట రెండున్నాయి, మధ్యలో ఎర్ర సీలెంట్ దట్టంగా పూసి ఉంది. ఎవరో ఆయిల్ ఆగాలని మందంగా వేశారు, మంచి ఉద్దేశమే అనుకుందాం. కానీ చక్రం బిగించే ఈ హబ్బు డిజైను వేరు బాబాయ్. బేరింగు హబ్బులో కూర్చున్నాక దాని స్పేసర్ రింగు అంచు, ప్యాకింగ్ వేసిన తర్వాత కూడా, ఒకటి నుంచి నాలుగు థౌలు (అంగుళంలో వెయ్యో వంతులు) పైకి పొడుచుకుని ఉండాలి. అంటే మహా అయితే మిల్లీమీటరులో దాదాపు పదో వంతు. అప్పుడే ఫ్లాంజి బిగించినప్పుడు అది ముందు బేరింగుని హబ్బులోకి అదిమి పట్టుకుంటుంది, ప్యాకింగ్ నలిగేది దాని తర్వాతే. ప్యాకింగు మందమైతే ఫ్లాంజి ప్యాకింగు మీదే ఆగిపోతుంది, బేరింగుకి పట్టు ఉండదు, దాని బయటి రేసు (బయటి రింగు) హబ్బులో మెల్లగా తిరగడం మొదలెడుతుంది. నా హబ్బు లోపల అద్దంలా మెరుస్తోంది, అది అలా తిరిగి తిరిగి వచ్చిన మెరుపు. బేరింగు కదిలితే హబ్బు ఊగుతుంది, హబ్బు ఊగితే సీలు పెదవి ఒక పక్క నొక్కుకుని ఇంకో పక్క తేలుతుంది. ఇక కొత్త సీలు వేసి ఏం లాభం? ఆయిల్ ఆపడానికి వేసిన రెండో ప్యాకింగే ఆయిల్ కారేలా చేసింది.

ఎడమ పక్క హబ్బు నట్టు రివర్స్ థ్రెడ్. మాన్యువల్లో స్పష్టంగా రాసి ఉంది, అయినా ఎవరో దాన్ని మామూలు నట్టులా విప్పబోయి ఉలి పెట్టి కొట్టిన గాట్లు నట్టు నిండా ఉన్నాయి. నట్టు, లాక్ వాషరు రెండూ కొత్తవి తెప్పించాను. హబ్బు మటుకు సెకండ్‌హ్యాండ్‌ది, కొత్త బేరింగు అందులో బిగువుగా కూర్చుంటుందో లేదో చూసుకునే కొన్నాను. ఈ బండి సామాన్లు ఇక్కడ ఎంత సులువుగా దొరుకుతాయంటే, నాకు మన అంబాసిడర్ ఓనర్లను తలుచుకుంటే జాలేసింది.

బిగించేటప్పుడు హబ్బుని వేడి నీళ్ళలో పెట్టి, బేరింగుని ఫ్రీజర్లో పెట్టాను (మీ కోడలు ఐస్‌క్రీమ్ పక్కన ఈ ఇనుము ఏంటని అడిగింది, వివరంగా చెప్పలేదు). బాగా తుడిచి పెడితే దాదాపు చేత్తోనే దిగిపోయింది, ఆఖర్న కొంచెం అదిమితే చాలింది. అదిమేది బయటి రేసు మీదే. నీ దగ్గర పనిచేసే కుర్రాళ్ళు లోపలి రేసు మీద సుత్తి వేస్తే నువ్వెందుకు అంత గొంతు చించుకునేవాడివో ఇప్పుడర్థమైంది, ఆ దెబ్బంతా బాల్స్ మీదుగా పోయి రేసులో గుంటలు పడతాయి, వారం తిరక్కుండా కూత మొదలవుతుంది. సీలు పెదవి ఆయిల్ ఉన్న వైపుకే, దానికి కాస్త ఆయిల్ రాసి, పైన చెక్క ముక్క పెట్టి నిటారుగా దించాను. సీలు రాసుకునే చోట యాక్సిల్ కేసింగు మీద గాడి పడిందేమోనని గోరుతో గీరి చూశాను, పడలేదు. తర్వాత స్కేలు అడ్డం పెట్టి ఫీలర్ గేజితో కొలిస్తే ప్యాకింగుతో కలిపి రెండు థౌలు పైకుంది. ఒకటే ప్యాకింగు, కొత్త ఓ-రింగు, సీలెంట్ చుక్క కూడా లేదు.

లైనింగులు రెండు పక్కలా మార్చాను. ఆయిల్ తాగిన లైనింగుని పెట్రోలుతో కడిగి కాల్చి మళ్ళీ వాడేవాళ్ళున్నారు, నాకు ఆ ధైర్యం లేదు, ఇందులో పిల్లల్ని కూర్చోబెడతాను. హైపాయిడ్ ఈపీ 90 ఆయిల్ లెవెల్ రంధ్రం దాకా పోసి, పైన ఎక్కువైంది కారిపోయాకే బిరడా పెట్టాను. పినియన్ సీలు కూడా కొంచెం తడిగా ఉంది కానీ దాని జోలికి పోలేదు. ఆ నట్టు బిగింపు మీదే లోపలి బేరింగుల ప్రీలోడు, అంటే వాటి మీద ముందే పెట్టే ఒత్తిడి, ఆధారపడి ఉంటుంది, తడి చుక్కగా మారినప్పుడు చూద్దాం.

ఇక నీ అవసరం ఉన్న చోటు. ఈ ఇంజనుకి వెనక వైపు క్రాంకు దగ్గర సీలే లేదు, ఆయిల్‌ని తిరిగి ఇంజను లోపలికే తోసే మర లాంటి గాళ్ళు మాత్రమే ఉన్నాయి. మన అంబాసిడర్ పాత 1489 సీసీ ఇంజనూ ఇదే పద్ధతి కదా. ఆపి ఉంచాక ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య ఉండే బెల్ హౌసింగు కింద నుంచి రాత్రికి రూపాయి బిళ్ళంత మరక పడుతోంది. ఇంత కారడం మామూలేనా, లేక లోపలి గాలి బయటికి పోయే ఇంజను బ్రీదరు పైపు మూసుకుని లోపల ప్రెషరు పెరుగుతోందా? నువ్వైతే ముందు ఏం విప్పి చూసేవాడివి? తీరిక దొరికినప్పుడు వాయిస్ మెసేజ్ పెట్టు, గ్రైండర్ ఆపి మరీ పెట్టు.

పిన్నికి, నానమ్మకి నమస్కారాలు. సంక్రాంతికి వస్తే అంగుళాల ఫీలర్ గేజ్ తేనా, నీది ఇంకా బాగుందా?

ఉంటాను,
నీ శీను