‘నార్తాంగర్ ఆబీ’ నా చేతిలో పెట్టిన ఆవిడకు

లైబ్రరీలో నేను ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ కోసం వెతుకుతుంటే, "అది ఎలాగూ చదువుతావు, ముందు ఇది చూడమ్మా" అని ఈ పుస్తకం ఇచ్చి వెళ్లిపోయారు మీరు. పేరైనా చెప్పలేదు. అందుకే నలుగురిలో చెప్తున్నాను, చాలా థ్యాంక్సండీ.

ఇంగ్లిష్ రచయిత్రి జేన్ ఆస్టెన్ అనగానే ఈ నవల పేరు ఎత్తేవాళ్లు తక్కువ. మీ పుణ్యమా అని నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది ఇదే. భయపెట్టే కోటల కథలు తెగ చదివిన పదిహేడేళ్ల కేథరిన్, అతిథిగా వెళ్లిన ఇంట్లో, గాలివాన రాత్రి నలుపూ పసుపూ రంగుల బీరువా ఒకటి తెరుస్తుంది. లోపల ఎక్కడో వెనక్కి తోసేసిన కాగితాల చుట్ట! చదవబోయేసరికి కొవ్వొత్తి కాస్తా ఆరిపోతుంది. ఇక నిద్రెక్కడ, ఒకటే టెన్షన్. తీరా తెల్లారి చూస్తే చాకలి పద్దులు! పడీపడీ నవ్వాను.

ఇందులో హీరో హెన్రీ టిల్నీ అయితే మస్లిన్ గుడ్డ ఉతుకుకు ఆగుతుందా లేదా అని పెద్దావిడతో దీక్షగా చర్చిస్తాడు. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ హీరో డార్సీ బింకం కంటే నాకు ఈ చమత్కారమే ఇష్టం (డార్సీ అభిమానులు కోప్పడినా సరే).

పాపం, 1803లో 10 పౌండ్లకు కొన్న ప్రచురణకర్త దీన్ని అచ్చే వేయలేదు. చివరికి 1817 డిసెంబరులో, ఆస్టెన్ పోయాక వెలువడింది.

ఆస్టెన్‌దే ‘ఎమ్మా’ కూడా చదివానండీ. బాగుంది, కాదనను. కానీ మనసు బాగోలేనప్పుడు చెయ్యి దీని మీదకే పోతోంది.