ఓటీపీ అడిగేవారు ముందు కాగితం ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని ప్రభుత్వం మనకు నేర్పింది. మొన్నమొన్నటి దాకా ఎవరికి ఫోను చేసినా ముందు ఆ హెచ్చరికే వినిపించేది. మోసపోతే 1930కి ఫోను చేయమని ఇప్పటికీ చెబుతున్నారు. అలాంటిది, మా తిరుపతిలో సర్వే అంటూ ఇంటికి వచ్చే వార్డు సిబ్బంది గుమ్మంలో నిలబడి అడిగేది ఆ ఓటీపీనే.

ఇటీవల మా వీధిలో జరిగింది చెబుతాను. పింఛను మీద బతికే ఒక పెద్దావిడకు చదువు రాదు. వచ్చిన యువకుడు ఆధార్ కార్డు అడిగి పన్నెండు అంకెలూ తన ఫోనులో ఎక్కించాడు. ఆవిడ ఫోను మోగగానే తానే తీసుకుని, సందేశం తెరిచి, ఆరంకెల సంఖ్య చూసి నమోదు చేసుకున్నాడు. ఇదంతా దేనికని నేనడిగితే, “పై నుంచి వచ్చిందమ్మా, సాయంత్రంలోగా ఈ వీధి పూర్తి చేయాలి” అన్నాడు. అతన్ని తప్పుపట్టను. అతనికీ ఎవరూ చెప్పలేదు. కానీ ఆ ఆరంకెలు చెప్పడమంటే తన పేరు, ఫొటో, పుట్టిన తేదీ, చిరునామా తీసుకోవడానికి అనుమతి ఇచ్చినట్టేనని ఆ పెద్దావిడకు తెలియాలి కదా? రేపు ఇంకెవరో మెడలో గుర్తింపు కార్డు వేసుకుని వచ్చి ఇలాగే ఫోను అడిగితే, ఆవిడ ఎవరిని నమ్మాలి, ఎవరిని అనుమానించాలి?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. ఆ కేసు వేసిన పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి, తీర్పు నాటికే తొంభై దాటిన మనిషి. తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. సమ్మతి అడిగేవారు ఏ వివరాలు, ఎందుకు తీసుకుంటున్నారో ముందే తెలియజేయాలని, కోరితే ఆ నోటీసు తెలుగులోనూ ఇవ్వాలని అందులో ఉంది. 2025 నవంబరులో నియమావళి వెలువడినా, ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువిచ్చారు.

నన్ను ఎక్కువగా బాధిస్తున్నది ఆ చట్టంలోని 17వ సెక్షన్. దాని ప్రకారం, పని అయిపోయాక వివరాలు చెరిపివేయాల్సిన బాధ్యత ప్రైవేటు సంస్థకు ఉంది, ప్రభుత్వానికి లేదు. సబ్సిడీలు, పింఛన్ల వంటి వాటికైతే కొన్ని షరతులతో విడిగా సమ్మతి అడగకుండానే మన వివరాలు వాడుకునే వీలును 7వ సెక్షన్ కల్పించింది. దుకాణం వద్దనుకుంటే పక్క దుకాణానికి పోవచ్చు. పింఛను ఇచ్చే ప్రభుత్వం ఒక్కటే. కాదనే వీలు లేని చోటే రక్షణ ఎక్కువ ఉండాలి, చట్టంలో చూస్తే తక్కువ ఉంది. ఇది అన్యాయం.

ప్రభుత్వం దగ్గర అంతా భద్రమే కదా అనేవారికి ఒక సంగతి గుర్తు చేస్తాను. 2018లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, కులం, బ్యాంకు ఖాతా వివరాలు ఎవరైనా చూసేలా బయటపడ్డాయని పత్రికల్లో వచ్చింది. సర్వేలు అవసరం లేదని నేను అనడం లేదు. ఎవరికి ఇల్లు లేదో, ఎవరికి పింఛను అందడం లేదో తెలియకుండా ప్రభుత్వం ఏ పనీ చేయజాలదు.

ఈ పరిస్థితి సరిదిద్దడానికి జిల్లా కలెక్టర్, నగరపాలక కమిషనర్ ఢిల్లీ దాకా వెళ్లనక్కర లేదు. సిబ్బంది గడప తొక్కే ముందే ఒక తెలుగు కాగితం చేతికివ్వాలి. ఏ శాఖ సర్వే, ఏ ఉత్తర్వు కింద, ఏ వివరాలు తప్పనిసరి, ఏవి ఐచ్ఛికం, ఎంతకాలం ఉంచుతారు, ఫిర్యాదు ఎవరికి చేయాలి అన్నవి అందులో ఉండాలి. చదవలేని వారికి చదివి వినిపించాలి. ఇంట్లో వాళ్ల ఫోనును సిబ్బంది తాకకూడదు. ఈ ప్రశ్నలు అడిగినందుకు ఎవరి పింఛనూ ఆగదని ఆ కాగితం మీదే రాసి, అధికారి సంతకం చేయాలి.

– ఒక పాఠకురాలు, తిరుపతి